ఎడమవైపు బ్రేకు

హానుసన్నయ్యా,

"తెల్ల వ్యాను, రెండువేల తొమ్మిదిది, ముందు బ్రేకులు పంపు" అని రాసి ఊరుకున్నావు. నా పాత బండ్ల యార్డులో తెల్ల వ్యాన్లు ఆరున్నాయి. మూడు ఆ ఏడాదివే, మూడింటికీ మూడు రకాల బ్రేకులు. చేప మొప్ప చూసి ఏ పూట పట్టిందో చెప్పేస్తావు గానీ, ఆ చేపలమ్మే వ్యాను ఛాసిస్ నంబరు రాయడానికి నీకు మూడు ఉత్తరాలు పట్టాయి!

ఆ నంబరుతో వెతికితే మొత్తం ఫారో దీవుల్లో ఒక్క బండే సరిపోయింది. కోప్పడకు. అది మన చిన్నాన్న కొడుకు టుమ్మసన్న వ్యాను. మీ ఇద్దరి వ్యాన్లూ ఒకే రోజు ఒకే ఓడలోంచి దింపుకున్నారుగా. తన కొట్టం వెనక తుప్పుపట్టి పడుంది, బ్రేకులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

వెళ్లి అడిగాను. "పోటీలో వాడి పొట్టేలు కాళ్లు వంకరన్నానని నాలుగేళ్లుగా మాట్లాడనివాడికి నా బ్రేకులు కావాలా?" అన్నాడు. అంటూనే పానా తీశాడు. ఎడమ చక్రం బ్రేకు పట్టే క్యాలిపర్ విప్పి, శుభ్రం చేసి, పాత స్వెటర్లో చుట్టి ఇచ్చాడు.

"మరి కుడిది?" అన్నాను.

"దాన్ని వాణ్నే వచ్చి విప్పుకోమను."

ఎడమది ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒకవైపే మారిస్తే బ్రేకు తొక్కగానే బండి అటే లాగుతుందని నీకు నేను చెప్పాలా? రేవు దిగుడులో ప్రాణం మీదికొస్తుంది. టుమ్మసన్నకూ ఆ సంగతి తెలుసు. అందుకే ఒక్కటిచ్చాడు.

శనివారం బస్సులో రా. నీకు కష్టం కాకుండా కుడివైపు బోల్టులకు రోజూ నూనె పోస్తున్నాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు.

నీ చెల్లెలు