ఏమీ లేదంటగా!

తెనాలి

తమ్ముడు సింగయ్యకు, అక్క కులాసా, కంగారుపడకు. ఫోనులో చెబుదామంటే మీ బావగారు మధ్యలో అందుకుంటారు, అందుకే కార్డు.

నా గుండెల్లో నొప్పికి పరీక్ష చేసి, పెద్ద రక్తనాళాల్లో బ్లాకులు లేవన్నారు. మీ బావగారు వీధంతా లడ్డూలు పంచి, "ఏమీ లేదంటగా, లే మరి!" అని గారెలకు పప్పు రుబ్బమన్నారు. రుబ్బుతుంటే మళ్ళీ నొప్పి. ఈసారి డాక్టరమ్మ ఆయన్నే కూర్చోబెట్టి, "సన్న నాళాలు బిగుసుకుంటున్నాయండి. నొప్పి నిజమే" అని చెప్పింది. మాత్రలతో తగ్గుతోంది.

రేపల్లె నుంచి ఉప్పుచేపలు పంపకు, ఉప్పు తగ్గించమన్నారు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పిల్లలకు ముద్దులు.

నిన్నటి నుంచి మీ బావగారికి పన్ను నొప్పి, ఒకటే మూలుగు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. వీధిలో పంచడానికి లడ్డూలు తెప్పించాను.

మీ అక్క
హైమావతి