ఉత్త మిషను తొక్కాను

బుజ్జమ్మకి నాన్న దీవించి రాసేది. నీ చెట్టుకప్పలు మూడూ ప్రాణాలతో కొత్తింటికి చేరాయి, ముందు నువ్వు కళ్ళు తుడుచుకో.

నీ ఉత్తరంలో చెప్పినట్టే, అంచులు వాటికి గీరుకోకుండా డబ్బా మూతకి వేడి దబ్బనంతో లోపలినుంచి బయటికి చిల్లులు పొడిచాను. షాపులో బస్తాడు గుడ్డపీలికలున్నా, కొత్త గుడ్డకి గంజి ఉంటుందని నా పాత బనీనే తడిపి అడుగున పరిచాను. కారులో ఐదు గంటలూ డబ్బా మీ అమ్మ ఒళ్ళోనే ఉంది. మీ మామయ్య ఏసీ పెంచబోతే, "వద్దన్నయ్యా, నాకు చెమట పడితే పట్టనీ, వీటి ఒళ్ళు ఆరిపోకూడదు" అంది.

ఒక్కటే దిగులు. వచ్చి నాలుగు రోజులైంది, తింటున్నాయి గాని ఒక్కటీ గొంతు విప్పలేదు. పాతింట్లో నేను కుట్టుమిషను తొక్కితే చాలు, కొలతలకొచ్చినవాళ్ళు నవ్వేలా అరిచేవి. ఎంత విసుక్కునేవాణ్ణో నీకు తెలుసు.

వాటి మేతకి కీచురాళ్ళు ఈ ఊళ్ళో ఎవరమ్ముతారో కనుక్కుని రాయి. ఇక్కడ నీ గదికి తెర పచ్చది కుట్టనా, నీలంది కుట్టనా? అమ్మ కళ్ళద్దాలు నీ సంచిలో వచ్చాయేమో చూడు. వేళకి తిను, చల్లగా ఉండు.

కార్డు పోస్టుడబ్బాలో వేసేలోగా మన సామాన్ల లారీ వచ్చి మిషను దిగింది, అందుకే ఈ అంచున రాస్తున్నాను. బట్ట లేకుండా తొక్కితే మిషను పళ్ళు అరుగుతాయని చిన్నప్పుడు నిన్నెన్నిసార్లు కసిరానో! ఇవాళ నేనే ఉత్త మిషను తొక్కాను. మూడూ ఒక్కసారే అరుపందుకున్నాయి. మీ అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఆపకండి, ఇంకాసేపు తొక్కండి" అంది.