చెంచా కొసన పొడి

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. ఆఫీసులో ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి చదివాను. "నా కూతురు ఆరేళ్లు కంటికి రెప్పలా కాపాడిన పిల్లకి నువ్వు చేజేతులా విషం పెడుతున్నావు" అని రాశారు. విషం అన్న మాట నిజమే. ఉడుతని ముద్దుగా పిలుస్తాం కానీ, వేరుశనగ మన పిల్లకి విషమే. అందుకే పెడుతున్నాను.

మీకెవరో సగం చెప్పినట్టున్నారు, మిగతా సగం నేను చెబుతాను. మొదటి రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెంచా కొసన వేసిన వేరుశనగ పొడి ఎంత తక్కువంటే నాకు కనిపించనే లేదు. రెండు వారాలకోసారి అక్కడే, ఆవిడ కళ్లెదుట, మోతాదు కాస్త పెంచుతారు. మిగతా రోజుల్లో అదే మోతాదు ఇంట్లో నేను పెడతాను. పొద్దున టిఫిన్ తిన్నాక అరటిపండు గుజ్జులో కలిపి. ఆ తర్వాత రెండు గంటలు పరుగులు, గెంతులు, వేడినీళ్ల స్నానం కూడదు. ఇలా ఏడాది పైన పడుతుంది. జబ్బు పోతుందని ఎవరూ చెప్పలేదు. ఎవరైనా తెలియక ఒక బిస్కెట్ ఇస్తే ప్రాణం మీదికి రాకుండా ఉండొచ్చు. నాకు అది చాలు.

పొట్లాలు ఆసుపత్రివాళ్లు తూచే ఇస్తారు. నేను మళ్లీ తూస్తాను. ఊళ్లో కొట్లలో కాటాలు సరిగా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం నాది. ఇంకొకరి తూకాన్ని నమ్మడం నాకు చేతకాదు. "కూరలో ఉప్పుకి కూడా మీ సీలు కావాలా?" అనేది మీ అమ్మాయి.

"అది బతికుంటే దీనికి ఒప్పుకునేదా?" అని అడిగారు. ఒప్పుకునేది కాదు. నేను అడిగాను, కాదంది. కానీ అప్పుడు కాపలాకి ఇద్దరం ఉన్నాం. ప్రతి పొట్లం వెనక చీమతలంత అక్షరాలు తను చదివేది. ఇప్పుడు నేనొక్కణ్ని. రోజంతా బజార్లలో తిరిగేవాణ్ని. పిల్ల చుట్టూ గోడ కట్టలేను. దాని ఒంటికే కాస్త బలం ఇవ్వాలి.

ఆపమని ఇంకోసారి రాయకండి.

మీ అల్లుడు

*

అత్తయ్యగారికి,

నేను రాసేలోపే పక్కింటావిడ మీకు ఫోన్ చేసేశారట. ఆవిడ చూసింది ఆవిడ చెప్పారు. జరిగింది నేను చెబుతాను.

తప్పు నాది. గురువారం పొద్దున నిద్ర లేవడం ఆలస్యమైంది. మోతాదు పెట్టి ఇరవై నిమిషాలైనా కాలేదు, స్కూలు బస్సు హారన్ వినిపించింది. "పద పద" అన్నాను. పిల్ల సంచీ తగిలించుకుని మూడంతస్తుల మెట్లు దిగి, వీధి మలుపు దాకా పరుగెత్తింది. వెనకే నేనూ పరుగెత్తాను. పొడిని మిల్లీగ్రాము తేడా రాకుండా తూచినవాణ్ని, గడియారం చూడలేదు.

బస్సు మెట్టు మీదే దగ్గు మొదలైంది. పెదవులు ఉబ్బాయి. గొంతులో పిల్లికూతలు. ఇలాంటప్పుడు పొడవమని ఆసుపత్రివాళ్లు ఇచ్చిన సూది సంచీలోనే ఉంది. ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టి తొడకి పొడిచాను. అంబులెన్సు వచ్చేసరికి ఊపిరి సర్దుకుంది. సాయంత్రం దాకా ఆసుపత్రిలో ఉంచుకుని పంపించారు.

"ఇక చాలు, పిల్లని నాకిచ్చెయ్యి" అన్నారు మీరు ఫోన్లో. దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఇవ్వను. వైద్యం ఆపను. డాక్టరమ్మ మోతాదు సగానికి తగ్గించారు. అక్కణ్నించి నడుస్తుంది.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. మీ అమ్మాయి కాదన్నాక, తనకి తెలియకుండా నేను ఈ వైద్యానికి పిల్ల పేరు రాయించాను. కాగితం తన కంటపడింది. "నేనుండగా ఇది జరగదు" అంది. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. పడక గదిలో ఒకరు, ముందు గదిలో ఒకరు. మధ్యలో ఉడుత అటూ ఇటూ కబుర్లు మోసేది. "నాన్నా, అన్నానికి రమ్మంటోంది అమ్మ." "ఆకలి లేదని చెప్పు." అయిదో రోజు తనకి కడుపునొప్పి వచ్చింది. ఆ రాత్రే ఆపరేషన్. ఆ తర్వాత మాట్లాడుకునే వీలు చిక్కలేదు.

కాబట్టి తన మాట మీరు నాకు గుర్తు చేయనక్కర్లేదు. నాతో తను అన్న ఆఖరి మాట అదే. రోజూ పొద్దున చెంచా చేత్తో పట్టుకుని ఆ మాట దాటుతున్నాను. రేపూ దాటుతాను.

మీ అల్లుడు

*

అత్తయ్యగారికి,

మీరు వెళ్లి తొమ్మిది రోజులైంది. పెట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలోనే "పిల్ల బట్టలు సర్దు" అన్నారు. "ముందు కాఫీ తాగండి" అన్నాను. ఆ వారంలో మనం మాట్లాడుకున్నది దాదాపు అంతే.

ఆరో రోజు పొద్దున నన్ను చేతులు కడిగే తొట్టి దగ్గరికి పిలిచారు. జాలీలో ఇరుక్కున్న అరటిపండు గుజ్జు చూపించారు.

"నువ్వు నోట్లో పెట్టి అటు తిరగ్గానే బుగ్గన దాచుకుని వచ్చి ఇక్కడ ఊసేస్తోంది. నిలదీస్తే చెప్పింది, సూది పొడిచినప్పటి నుంచీ ఇంతేనట."

నేను వేలితో ఆ గుజ్జు తీసి చూశాను.

"నీ వైద్యం నాకిష్టం లేదు బాబూ, ఇవాళా లేదు. నోరు మూసుకుని కూర్చుంటే దానంతటదే ఆగేది. కానీ ఏదో ఒక రోజు నీ ముఖం చూసి జాలిపడి మింగేసిందనుకో. ఇన్నాళ్లు మానేసిన ఒళ్లు. అప్పుడేం చేస్తావు?"

మీ అనుమానం నిజమేనని డాక్టరమ్మ కూడా అన్నారు. మధ్యలో అన్ని రోజులు మానేసి ఒక్కసారిగా మింగితే ప్రమాదమే. మీరు నోరు విప్పకుండా ఉంటే గెలిచేవారు. విప్పారు. "పిల్లని తీసుకెళతారా?" అంటే "దాన్నే అడుగు. మనిద్దరం అడగనిది దాన్నే" అని మధ్యాహ్నం బండికి వెళ్లిపోయారు.

అడిగాను. మూడో రోజు బూట్ల తాళ్లు కట్టుకుంటూ తలెత్తకుండా మాట్లాడింది.

"ఆపేస్తే మళ్లీ మొదటికే కదా?"

"అవును. కానీ నువ్వు ఆపమంటే ఆపేస్తాను." ఈ మాట నేను ఎవరికీ ఇవ్వలేదు. మీకివ్వలేదు, మీ అమ్మాయికి ఇవ్వలేదు. ఇచ్చాక దాని పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"ఆపొద్దు. కానీ నువ్వు పెట్టొద్దు. అమ్మమ్మ పెట్టాలి."

"అమ్మమ్మకి ఇది ఇష్టం లేదు కదమ్మా."

"అందుకే. నాకు భయం నాన్నా. నీకేమో భయం వెయ్యదు. అమ్మమ్మకి వేస్తుంది. భయపడేవాళ్లు పక్కన ఉంటే బాగుంటుంది."

సోమవారం ఆసుపత్రిలో మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెడతారు. మీరు రావాలి. నేను మారానని రాయడం లేదు. మీ ఉత్తరానికి నా జవాబు ఇప్పటికీ అదే. మీరు చెంచా పట్టుకుని నన్ను తిట్టండి, పడతాను. తర్వాతి రెండు గంటలు పిల్లని కదలకుండా కూర్చోబెట్టే పని కూడా మీదే. అది నా మాట వినదు.

నాకు భయం వెయ్యదని అది ఎంత ధీమాగా అందో మీరు వినలేదు. దానికి నేనింకా జవాబు చెప్పలేదు. మీరొచ్చాక మీ ఎదుటే చెబుతాను, చెంచా తీసుకున్న ప్రతి పొద్దునా నాకూ భయమేనని.

మీ అల్లుడు