పొయ్యిలో పడిన చీజు

పూజ్యులు పార్వతీదేవి టీచరుగారికి నమస్కారాలు.

మీరు పంపిన డబ్బా చీజుతో మహిళా మండలిలో వంట చేసి చూపించాను. ఓవెన్ లేదు కనుక, కూరముక్కల మీద చీజు తురిమి పరిచి, గిన్నె మూత మీద నిప్పులు పోశాను. చీజు కరిగి పొంగి పొయ్యిలో పడింది. పాలసరుకు నిప్పులో పడితే గేదె పొదుగు చిట్లుతుందని అందరూ లేచి వెళ్లిపోయారు. ఆడవాళ్లు రాకపోతే మండలి మూసేస్తారట. ఇల్లిల్లూ తిరిగి బతిమాలి అలసిపోయానండీ.

ఈరోజు వాళ్లలో జగ్గమ్మగారు ఒక్కరే చెంబుతో పాలు పట్టుకుని వచ్చారు.

"మా గేదకేటీ అవనేదు గానీ, సదూకున్న పిల్లవి, ముందు పాలు పొంగకుండా కాయడం నేర్సుకో. నాను పక్కన కూకుంటాను" అన్నారు.

పొయ్యి ముందు ఇద్దరం కూర్చున్నాం. ఇద్దరున్నా మండలి ఉన్నట్టేనా, టీచరుగారూ?

మీ దగ్గర వంట నేర్చుకున్న
గ్రామసేవిక