గోలెం దగ్గర పడిపోయిన మనిషి

బాపూ,

పాలు పిండొచ్చి నీళ్ల గోలెం దగ్గర మొహం కడుక్కుంటూ నువ్వు పడిపోయేవాడివి. పొద్దున్నే తాగాడని దబీర్‌పురా గల్లీ అంతా నవ్వేది.

నువ్వు పోయి ఈ రోజుకు ఆరేళ్లు. నేను డాక్టరీ చదువుతున్నాను. ఇవాళ దవాఖానాకు తూలుతూ వచ్చిన టాంగావాలాను కూడా తాగుబోతనే అన్నారు. నేను మాత్రం అడిగాను: "మొహం కడుక్కునేటప్పుడు పడ్తవా అన్నా?"

"గప్పుడే పడ్త! మీకెట్ల ఎరుక సాబ్?"

పాదాలు కలిపి నిలబడి కళ్లు మూసుకోమన్నాను. మూయగానే ఒరిగాడు, పట్టుకున్నాను. చూపు సాయం లేకపోతే కాళ్లెక్కడున్నాయో తెలియని నరాల జబ్బు. నీదీ అదే బాపూ. పెద్ద డాక్టరు "శాబాష్!" అన్నారు. ఆ ప్రశ్న నేర్పింది నువ్వని చెప్పాను.

ఇంటికొచ్చి అమ్మకూ చెప్పాను. ఇన్నేళ్లూ తల వంచుకుని నడిచిన అమ్మ గల్లీ నడుమ నిలబడి అరిచింది: "ఇనుండ్రి! నా పెనిమిటి ఏనాడూ తాగలే!"