పేరు రాసిన స్నాప్‌షాట్

మార్చి 3, సోమవారం

ల్యాబ్ రిపోర్టుల సర్వర్ మళ్లీ బిగుసుకుపోయింది. వారంలో మూడోసారి. నలభై సెకన్లేగా అంటాడు మేనేజర్. రక్తం రిపోర్టు కోసం ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ నర్సుకి చెప్పమను ఆ మాట.

అది వర్చువల్ మిషన్, పెద్ద కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్. డిస్కులు కింది గదిలో స్టోరేజ్ పెట్టెలో ఉంటాయి, నెట్‌వర్క్ మీద. బ్యాకప్ మొదలవగానే స్నాప్‌షాట్ తీస్తుంది, అంటే డిస్కుని ఆ క్షణం దగ్గర ఆపి, కొత్తగా వచ్చేదంతా పక్కన రాస్తుంది; కాపీ అయ్యాక దాన్ని అసలు డిస్కులో కలిపేస్తుంది. కలిపేటప్పుడే ఈ తంటా. బ్యాకప్ చూసేది బాబాయ్. నాకు ఏమీ కాడు, ఆఫీసంతా అలాగే పిలుస్తుంది.

మార్చి 4

బాబాయ్‌ని నిలదీశాను. బ్యాకప్ బాగానే ఉందమ్మాయ్, పాత స్నాప్‌షాట్లు ఏమైనా మిగిలాయేమో ఒకసారి చూసుకో అన్నాడు. నా పని నాకు నేర్పక్కర్లేదన్నాను. నవ్వాడు. ఒళ్లు మండింది.

మార్చి 6, మధ్యాహ్నం 12.20

స్టోరేజ్ నిండిపోయింది. సర్వర్ ఆగిపోయింది. రెండు గంటలు! రిపోర్టులు చేత్తో రాసి మెట్ల మీద పరుగులు. కుర్చీలు అరగదీయడానికేనా మీకు జీతాలు అని హెడ్ నర్సు అందరి ముందూ కడిగేసింది. పాత ఫైళ్లు పక్కకి జరిపి ఎలాగో లేపాను.

తప్పెవరిదని మేనేజర్ అడిగాడు. బాబాయ్‌దన్నాను. తడుముకోలేదు.

సాయంత్రం 5

ఈ నెలాఖరుతో బాబాయ్ ఉద్యోగం సరి. లెటర్ సోమవారం ఇస్తారట. ఆయన టిఫిన్ డబ్బా కడుక్కుని వెళ్లిపోయాడు. కనీసం తిట్టొచ్చుగా.

మార్చి 7

ఎవరూ నాతో మాట్లాడలేదు. మానేస్తే మానెయ్యండి.

మార్చి 9, ఆదివారం ఉదయం

సర్వర్ ఆపి చూసుకోడానికి ఆరు నెలలుగా అడుగుతున్న నాలుగు గంటలు ఇవాళ ఇచ్చాడు మేనేజర్. అంతా మునిగాక.

సర్వర్ ఆపి స్నాప్‌షాట్ల లిస్టు తెరిచాను. ఒకటుంది. పదకొండు నెలల నాటిది. అది ఉన్నంతకాలం వచ్చిన ప్రతి రిపోర్టూ దాని మీదే పేరుకుంటూ పోతుంది. స్టోరేజ్‌ని మింగింది అదే. బ్యాకప్‌కి అడ్డం పడిందీ అదే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మిషన్‌ని ముట్టుకునే ముందు స్నాప్‌షాట్ తియ్యాలి, కింద పేరు రాయాలి, తీసినవాళ్లే చెరపాలి. ఒకరిది ఇంకొకరు ముట్టుకోరు. ఎవడా దరిద్రుడు అనుకుంటూ పేరు చూశాను.

నా పేరు. కింద నేనే రాసుకున్న ముక్క: సాయంత్రం తీసెయ్యాలి.

బాబాయ్ ఈ లిస్టు రోజూ చూస్తాడు. తెలిసే చూసుకోమన్నాడు. మేనేజర్ ముందు తెలిసే నోరు మూసుకున్నాడు. ఎవరడిగారు ఈ పెద్దరికం?

దాన్ని చెరిపి, పేరుకున్నదంతా అసలు డిస్కులో కలపడానికి మూడు గంటలు పట్టింది. చెరిపే ముందు స్క్రీన్‌ని ఫోటో తీశాను.

మార్చి 10

ఫోటో మేనేజర్ టేబుల్ మీద పెట్టాను. లెటర్‌లో పేరు మార్చడానికి నలభై సెకన్లు పట్టింది.