సెనేటర్ అడిగిన ప్రశ్న

గురువారం, లెపర్డ్స్‌టౌన్, ఐర్లండ్

ఈ రోజు మా ఆఫీసుకి అమెరికా సెనేటర్ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఓటమి ఎరగని మనిషి. నేను అమెరికాలో పనిచేసిన తొమ్మిదేళ్లూ మేమున్న రాష్ట్రానికి సెనేటర్ ఆయనే. గ్రీన్‌కార్డు క్యూ కదలడం లేదని ఆయనకి నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటికీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే జవాబు. చివరికి నా ఉద్యోగం పోతే, వీసా ఇచ్చే అరవై రోజుల గడువులో సామాను అమ్ముకుని ఇక్కడికి వచ్చిపడ్డాం.

ఆయన ముత్తాత కరువులో తిండి లేక ఈ దేశం నుంచే ఓడెక్కాడట. ఆ కథ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా.

తర్వాత మేనేజర్ నన్ను పిలిచి, "ఈవిడ మీ రాష్ట్రంలోనే పనిచేసింది" అని పరిచయం చేశాడు. సెనేటర్ నా చెయ్యి పట్టుకుని, "మీలాంటివాళ్లు మాకు కావాలి. ఎందుకు వెళ్లిపోయారు?" అన్నాడు. వెటకారం కాదు. ఆయనకి నిజంగానే తెలియదు. అదే ఎక్కువ మండింది.

"ఇక్కడ గ్రాండ్‌గా ఉంది సర్" అన్నాను, బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్లు వాడే మాటలో.

ఇద్దరికీ ఫోటో తీశారు. వచ్చే ఎన్నికల ప్రచారంలో వాడుకోవచ్చా అని ఆయన సహాయకురాలు అడిగితే సరేనన్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన అన్నం కలపడం ఆపేశాడు.

"నాలుగు కడిగేయాల్సింది పోయి, ఫోటోకి ఎందుకు ఒప్పుకున్నావే?"

"మర్యాద కోసం" అన్నాను.

అబద్ధం. పక్కనే మేనేజర్ ఉన్నాడు. నోరు విప్పితే ఈ ఉద్యోగానికీ ఎసరొస్తుందని భయపడ్డాను.